అక్క కాపు కాసిన పల్సార్

అక్క పోయిందని పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడు నేను ఆటోలో డీజిల్ పోయిస్తున్నాను. అది గద్వాల దవాఖానకు పోవాల్సిన రోజు. అలాంటి రోజుల్లో నేను వాళ్ల ఇంటి ముందు ఆటో ఆపి హారన్ కొడితే, అక్క బ్యాగు భుజాన వేసుకుని మెల్లగా బయటికి వచ్చేది. ఆ రోజు పెద్దమ్మ గొంతులో ఏడుపు లేదు. "కొడ్కా, ఇయ్యాల ఆటో పని లేదు. నువ్వొక్కనివే రా" అంది. ఏమైందని నేను అడగలేదు. బంకు పిల్లగాడు "అన్నా, సాలా? ఇంకా పొయ్యాల్నా?" అని అడుగుతూనే ఉన్నాడు.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. మాది వడ్డేపల్లి దగ్గర ఊరు. పెద్దనాన్న లేడు, అక్కకు తోడబుట్టినవాళ్లూ లేరు. మేమిద్దరం పక్కపక్క ఇళ్లలో, ఒకే వాకిట్లో పెరిగాం. నేను తొమ్మిదిలోనే బడి మానేసి బెంగుళూరులో టైల్స్ పని, హైదరాబాదులో హోటల్ పని, కొత్తకోటలో లారీల షెడ్డు, ఇలా తిరిగాను. అక్క వనపర్తి హాస్టల్‌లో చదివి, నాగర్‌కర్నూల్ కాలేజీలో కొన్నాళ్లు పాఠాలు చెప్పి, ఆ తర్వాత నక్షత్రాల మీద పెద్ద చదువుకు పోయింది. మా ఊర్లో ఆమెను అందరూ "సుక్కల సదువు పిల్ల" అనేవాళ్లు. జాతకం చెప్పమని చెయ్యి చాపిన వాళ్లు కూడా ఉన్నారు. అక్క ఆ చెయ్యి పట్టుకుని చూసి, "నీకు బీపీ ఉన్నట్టుంది, ఉప్పు తగ్గించు" అని పంపేది.

కిడ్నీలు పాడయ్యాక ఆమె ఇంటికి వచ్చేసింది. పని మాత్రం మానలేదు. ఆ పనేమిటో మీకు చెప్పాలి. నాకు అర్థమైనంతే చెప్పగలను, అదీ అక్క ఆటోలో కూర్చుని చెప్పిన మాటల్లోనే.

పెద్ద పెద్ద నక్షత్రాలు చచ్చిపోతే కొన్నిసార్లు ఒక చిన్న గట్టి ముద్ద మిగులుతుందట. ఒక పట్నమంత ముద్ద, సూర్యుని కంటే ఎక్కువ బరువు. అది గిర్రున తిరుగుతూ రెండు వైపులా రేడియో తరంగాలను చిమ్ముతుంది. టోల్‌గేట్ మీద తిరిగే లైటు మన కళ్ల మీద పడి పోయినట్టు, తిరిగిన ప్రతిసారీ ఒక దెబ్బ మన దాకా వస్తుంది. అదే పల్సార్. వాటిలో కొన్నిటికి అయస్కాంత శక్తి మితిమీరి ఉంటుంది. వాటిని మాగ్నెటార్లు అంటారు. అవి చాలా తక్కువ, అన్నీ చిన్న వయసువే.

"పెద్ద సుక్కలు ఒక్కొక్కటిగ పుట్టయి తమ్మీ" అని చెప్పింది అక్క ఒకసారి. "గుంపుల పుడ్తయి, ఒక్క ఇంట్ల పిల్లలు పుట్టినట్టు. ఇంచుమించు ఒక్కసారే సస్తయి. అంటే మాగ్నెటార్ ఉన్న కాడ దాని అక్కచెల్లెండ్లు కూడ ఉండొచ్చు గద? గవి దొరికితే అడగొచ్చు."

"ఏమడుగుతవ్?"

"ఒక్క ఇంట్ల పుట్టినోళ్లు ఒకరు గట్ల, ఒకరు గిట్ల ఎందుకైతరని."

"గది అడగనీకె ఆడిదాంక ఎందుకు? మనిద్దర్ని సూస్తె సాలదా?"

ఆమె నవ్వి, వెనక నుంచి నా నెత్తి మీద ఒక్కటిచ్చింది.

అక్క వెతికింది అలాంటి తోబుట్టువునే. ఒక మాగ్నెటార్ చుట్టుపక్కల నుంచి, వేరే రాష్ట్రంలో పొలాల మధ్య నిలబెట్టిన పెద్ద యాంటెన్నాలు పట్టిన సమాచారాన్ని జల్లెడ పట్టేది. డయాలసిస్ బెడ్ మీద పడుకుని, ఒక చెయ్యి మెషీనుకు ఇచ్చి, ఇంకో చేత్తో ల్యాప్‌టాప్ మీద గీతల బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి తిప్పేది. నేను పక్కన స్టూలు మీద కూర్చునేవాణ్ణి. ఏదైనా ఎత్తుగా గీత కనబడితే "అక్కా, ఇదేనా?" అని ఎగిరేవాణ్ణి.

"అది మొబైల్ టవర్."

"మరి ఇది?"

"విమానం."

"ఇదైతే పక్కా. ఎంత మంచిగ కొడ్తుందో సూడు."

"అది మన కరెంటోళ్ల పల్సార్ తమ్మీ. బల్బు యాడుంటె ఆడ ఉంటది."

నిజమైనది దొరికిన రోజు మాత్రం నేను ఏమీ అనలేదు, ఎందుకంటే ఆ బొమ్మ చాలా నీరసంగా ఉంది. అక్క మాత్రం మిగతావన్నీ వదిలి దాని దగ్గరే ఆగింది. ఎప్పటిలాగే కొత్త బొమ్మ తెరుచుకునేటప్పుడు కళ్లు మూసుకుని, "వచ్చిందా?" అని నన్నడిగింది. అది ఆమె అలవాటు. అంత చదువుకుని కూడా, తెరిచేటప్పుడు చూడలేకపోయేది. "వచ్చింది" అన్నాను. కళ్లు తెరిచి చాలాసేపు చూసింది. పక్క బెడ్ మీది తాతది మానవపాడు, మిరపతోట రైతు. ఆయన మెడ చాచి అదే బొమ్మను చూసి, "ఏం పరేషాన్ గాకు బిడ్డా. నీ గుండె మంచిగనే కొట్టుకుంటుంది" అని ధైర్యం చెప్పాడు.

"గది నాది గాదు తాతా, సుక్కది."

"సుక్కకు గుండె ఉంటదా?"

"ఇది సచ్చినంక కొట్టుకునే గుండె" అంది అక్క.

తాత "అట్లయితే మనకంటె నయమే" అన్నాడు. నర్సమ్మతో సహా అందరం నవ్వాం.

దొరికితే పని అయిపోయినట్టు కాదట. అసలు పని అప్పుడే మొదలవుతుందట. అది నిజంగా చిన్న వయసుదేనా, ఆ మాగ్నెటార్ ఇంటి పిల్లేనా అన్నది తేలాలంటే దాన్ని ఒక ఏడాది కాపు కాయాలి. ప్రతి చుట్టూ లెక్కపెట్టాలి. ఒక్కటి కూడా జారిపోవద్దు.

మా వైపు సీడ్ పత్తి పని, అంటే విత్తనాల కోసం పత్తి పూలను చేత్తో కలిపే పని ఉంటుంది. రేపు విచ్చుకునే మొగ్గను సాయంత్రమే పోల్చి, గోటితో లోపలి పుప్పొడి తీసేసి, గుర్తుకు ఒక ఎర్ర కాగితం పెడతారు. తెల్లారి మగ పువ్వు తెచ్చి దానికి తాకిస్తారు. ఎండ ముదిరితే ఆ పువ్వు ఇక పనికిరాదు. అక్క సెలవుల్లో పెద్దమ్మతో పాటు ఆ పని చేసి పెరిగింది. పల్సార్ లెక్కను కూడా ఆమె నాకు అలాగే చెప్పింది. ఈ రోజు దెబ్బ ఎప్పుడు పడిందో గుర్తు పెట్టుకుంటే, రేపు ఎప్పుడు పడుతుందో చెప్పొచ్చు. రేపటిది కూడా కలిస్తే వారం తర్వాతిది చెప్పొచ్చు. అది కూడా కలిస్తే నెల తర్వాతిది. మధ్యలో చూడకపోయినా ఎన్ని చుట్లు తిరిగిందో తెలిసిపోతుంది. "ఇయ్యాల గుర్తు పెట్టినోనికే రేపు పువ్వు దొరుకుతది" అనేది.

"మరి ఏడాది ఎందుకు? రెండు నెల్లల్ల తేల్చరాదు?" అన్నాను.

"దెబ్బ జర లేటుగ వచ్చిందనుకో. గది మెల్లగైనందుకా, మన భూమి దానికి దూరం జరిగినందుకా? బస్సు లేటైందా, నువ్వే ముందొచ్చి నిలబడ్డవా? భూమి సూర్యుని సుట్టు ఒక్క సుట్టు పూరాగ తిరిగితేనే రెండిట్ల ఏదో తెలుస్తది. అప్పుడే అది అసలు యాడుందో, దాని వయసెంతో తేలుతది."

ఆమె ఎప్పుడూ "నా పల్సార్" అనలేదు. "ఆ పిల్ల" అనేది. "ఇయ్యాల ఆ పిల్ల టయానికే వచ్చింది" అనేది. అప్పటి నుంచి మా ఇద్దరికీ ఒకటే ఆశ. ఆ ఏడాది నిండాలి. పైకి అనేది కాదు గానీ, తన ఒంటిని కూడా ఆ ఏడాది దాకా నెట్టుకు రావాలని చూసింది. ఎండాకాలంలో నీళ్లు తక్కువ తాగాలని డాక్టర్లు చెప్పారు. మా పాలమూరు ఎండల్లో అదెంత కష్టమో మీకు తెలుసు. సీసా మూతలో నీళ్లు పోసుకుని, మూత తోనే తాగేది. చాలా మెల్లగా, పాయసం తాగినట్టు తాగేది. చూడలేక నేను మొహం తిప్పుకుంటే, "ఏందిరా, నీకు దూపైతుందా? నువ్వు సీసతోనే తాగు, నీకెవ్వరన్న వద్దన్నరా?" అని ఎగతాళి చేసేది.

వానలు పడే ముందు ఆమెకు జ్వరం వచ్చి కొన్నాళ్లు దవాఖానలోనే ఉంచారు. ఇంటికి వచ్చి చూసుకుంటే పల్సార్ తన లెక్క చెప్పిన చోట లేదు. దెబ్బ పడాల్సిన సమయానికి అక్కడ ఏమీ లేదు. అక్క మొహం అలా పాలిపోవడం నేను సూదులు గుచ్చినప్పుడు కూడా చూడలేదు.

"పోయిందా అక్కా?"

"పోలే. ఉరికింది."

చిన్న వయసు పల్సార్లు అలా చేస్తాయట. నిమ్మళంగా తిరుగుతూ తిరుగుతూ, ఉన్నట్టుండి ఒక్కసారి వేగం పెంచుతాయి. దాన్ని గ్లిచ్ అంటారట. వేగం ఎప్పుడు పెరిగిందో, ఎంత పెరిగిందో తెలియకపోతే, చూడని రోజుల్లో ఎన్ని చుట్లు తిరిగిందో చెప్పలేం. ఒక్క చుట్టు తేడా వచ్చినా ఏడాది లెక్కంతా చెడుతుంది. "అది గూడ నీ లెక్కనే. కాలు ఒక్క కాడ నిలువదు" అంది నాతో. నవ్వించడానికే అంది గానీ తను నవ్వలేదు. ఆ తర్వాత ఆటోలో, బెడ్ మీద, అన్నం ముందు, అదే పని. ఇన్ని చుట్లు అనుకుని ఒకసారి, ఇంకొకటి ఎక్కువ అనుకుని మరోసారి, ఒకటి తక్కువ అనుకుని మరోసారి లెక్క కట్టేది. పెద్దమ్మ వచ్చి, "ఆ ముచ్చటను జర పక్కన పెట్టి తినవే" అంటే, "పక్కన పెడ్తె అది తిరుగుడు ఆపదు గద అమ్మా" అనేది.

చివరిసారి గద్వాల నుంచి తిరిగి వస్తున్నప్పుడు చినుకులు పడుతున్నాయి. వెనక సీట్లో చాలాసేపు చప్పుడు లేదు. నిద్రపోయిందనుకున్నాను. అద్దంలో చూస్తే ఒడిలో ల్యాప్‌టాప్ తెరిచే ఉంది, కళ్లు మూసుకుని ఉంది.

"తమ్మీ, వచ్చిందా సూడు" అంది.

ఆటో పక్కకు ఆపి వెనక్కి తిరిగి చూశాను. తెర మీద ఒక్కో దెబ్బకు ఒక్కో చుక్క, అవన్నీ వంకర లేకుండా ఒక్క గీత మీద ఉన్నాయి.

"వచ్చింది అక్కా. అన్ని ఒక్క సాలుల ఉన్నయి."

అప్పుడు కళ్లు తెరిచింది. "ఒక్క సుట్టు గూడ పోలే" అంది. "ఒక్కటంటె ఒక్కటి పోలే." వారం తిరక్కముందే ఆమె పోయింది. ఏడాదికి ఇంకా నెలలు మిగిలే ఉన్నాయి.

మా వాళ్లలో పోయినవాళ్లను మట్టిలో పెడతాం. పెట్టేటప్పుడు వాళ్లకు బాగా ఇష్టమైనవి కూడా వాళ్లతో పంపడం ఉంది. తాతలకైతే చుట్టలు, ముసలమ్మలకు ఆకు వక్క సంచి. అక్క చేతికి అందేట్టుగా పెద్దమ్మ ఆ ల్యాప్‌టాప్ బ్యాగు పెట్టింది. బ్యాగు మూసే ముందు ఏదో గుర్తొచ్చి ఇంటికి మనిషిని పంపి ఛార్జర్ తెప్పించింది. అది కూడా చుట్టి లోపల పెట్టి, జిప్పు వేసి, పైన చెయ్యి పెట్టి కాసేపు ఉంచింది. ఎవరమూ వద్దనలేదు. పంపాల్సిన పని ఇంకా అందులోనే ఉందని మాకు తెలియదు. మా ఊర్లో నెట్ సరిగా రాదు. అక్క పని చేసి, టౌనుకు పోయినప్పుడు తన జట్టు వాళ్లకు పంపేది. ఆ చివరి లెక్కను పంపడానికి ఆమెకు ఇంకోసారి టౌను దొరకలేదు.

కొన్ని రోజులకు ఆమెతో కలిసి పని చేసిన జూనియర్ అమ్మాయి వచ్చింది. రాయచూరు పిల్ల. తెలుగు వచ్చు, మధ్యలో కన్నడ దొర్లుతుంది. వచ్చి పెద్దమ్మ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. అన్నం తిన్నాక, నేలకేసి చూస్తూ, "అక్క ల్యాప్‌టాప్ ఒక్కసారి చూడొచ్చా అమ్మా?" అంది.

"దాన్తోనే పెట్టిన బిడ్డా" అంది పెద్దమ్మ.

ఆ పిల్లకు అర్థం కాలేదు. నేను చెప్పాను. ఆమె చెయ్యి నోటికి అడ్డం పోయింది. పెద్దమ్మ ఆ చెయ్యిని చూసింది, నన్ను చూసింది.

"ఏంది? దాంట్ల పనుండెనా?"

ఆ పిల్ల "ఏం లేదమ్మా, ఏం లేదు" అంటూనే ఉంది. పెద్దమ్మ లేచింది. దొడ్లోకి పోయి పార భుజాన వేసుకుని వచ్చింది.

"పా బిడ్డా, తీద్దాం."

"పెద్దమ్మా!"

"ఏందిరా? నేనే పెట్టిన, నేనే తీస్త. దాని పని ఆగితె అది ఆడ నిమ్మళంగ పండుకుంటదా? గింత జ్వరంల గూడ ఇడ్శిపెట్టలే."

ఆమె అప్పటికే వాకిలి దాటింది. రాయచూరు పిల్ల చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తి పార పట్టుకుంది. "బేడమ్మా, బేడ. వద్దు. అది అక్క దగ్గరే ఉండనీ. సుక్క పంపింది అంతా మా దగ్గర ఉంది, అది ఎక్కడికీ పోలేదు. అక్క కట్టిన లెక్క ఒక్కటే లేదు. అది నేను మళ్ల కట్టుకుంట."

"మళ్ల కడ్తె తేడా రాదా?"

"అక్క సరిగ్గ కట్టింటె నాకూ అదే రావాలమ్మా. ఎవరు కట్టినా అదే రావాలి. అదే మా పని."

పెద్దమ్మ పార వదల్లేదు. ఆ పిల్ల కూడా వదల్లేదు. చిత్తడి దారిలో ఇద్దరూ అలా ఒకే పారను పట్టుకుని నిలబడ్డారు. "దాని తప్పుంటె?" అంది పెద్దమ్మ చివరికి.

"ఉంటే దిద్దుత."

"అట్లయితె కట్టు" అంది పెద్దమ్మ. అప్పుడు ఏడ్చింది. అక్క పోయినప్పటి నుంచి ఆమె ఏడవడం చూసింది నేను అప్పుడే.

బస్సు ఎక్కించేటప్పుడు ఆ పిల్లకు ఆటోలో అక్క అన్న మాట చెప్పాను. "ఒక్క సుట్టు గూడ పోలే అన్నది" అని. ఆమె తల ఊపింది. "అన్నా, ఆ మాట నమ్ముకుని కడితే నేను కట్టినట్టు కాదు. మొదటి నుంచి కడ్త" అంది. కట్టింది. కొన్ని వారాలు పట్టింది. ఒక మధ్యాహ్నం ఫోన్ చేసి, హలో కూడా అనకుండా, "పోలేదన్నా. ఒక్క చుట్టూ పోలేదు" అంది. రోడ్డు పక్కన ఆటో ఆపుకుని హ్యాండిల్ మీద తల పెట్టుకున్నాను. వెనక కూర్చున్న పెద్దమనిషి "ఏమైంది బాబూ, బండి ఖరాబైందా?" అని అడిగాడు.

రాయచూరు పిల్ల, ఆమె జట్టు ఆ సుక్కపిల్లను కాపు కాస్తూనే ఉన్నారు. ఈ మధ్యే ఏడాది నిండింది. దాని అసలు చోటు తేలింది, వయసూ తేలింది. చిన్నదే. అక్క అనుకున్నట్టే ఉత్త పిల్ల. అయితే మాగ్నెటార్ ఇంటిది కాదు. అంత చిన్న వయసులో అక్కడి నుంచి ఇంత దూరం వచ్చే వీలే లేదట. రాయచూరు పిల్ల ఈ మాట చెప్పడానికి చాలా తటపటాయించింది. "అక్కకు ఈ మాట ఎట్ల చెప్పేదాన్నో" అంది. నాకు మాత్రం అక్క ఏమనేదో తెలుసు. వెతికిన చోట ఏమీ దొరకని రోజుల్లో ఆమె అనే మాట ఒకటుంది. "కాదని తేలుడు గూడ తేలుడే తమ్మీ." మిగిలింది పెద్దమ్మకు చెప్పడమే.

పెద్దమ్మ చేన్లో పత్తి ఏరుతోంది. పక్క సాళ్లలో ఇంకొందరు ఆడవాళ్లు ఉన్నారు. నేను గట్టు మీది నుంచే చెప్పాను.

"పెద్దమ్మా, అక్క సుక్క సంగతి తేలిందంట. సంవత్సరం నిండింది."

ఆమె చేతులు ఆగలేదు. "ఏమంట?"

"అక్క లెక్క తప్పు గాలే. అది పిల్లనే అంట. కొన్ని వేల ఏండ్లే."

"వేల ఏండ్లా?" అని నవ్వింది పక్క సాలులోని ఆమె. "గంత ముసల్దాన్ని పట్టుకొని పిల్ల అంటవేందిరా?"

"సుక్కలల్ల అది పిల్లనే అత్తా."

"మరి ఆ ఇంటిదేనా?" అంది పెద్దమ్మ. అక్క ఏ ప్రశ్న కోసం బతికిందో ఆమెకు తెలుసు.

"కాదు పెద్దమ్మా. అది వేరంట. దూరంగ ఉందంట."

"మరి దాని పక్కన ఎవ్వరున్నరు?"

"ఎవ్వరు లేరంట. వెతికిన్రు, ఏం దొరకలే."

అప్పుడు ఆమె చేతులు ఆగాయి. "ఒక్కతే ఉందా" అంది. నన్ను అడగలేదు, తనలో తనే అనుకుంది. కాసేపటికి, "యాడుంటదిరా? రాత్రయితె సూపిస్తవా?" అంది.

"రాత్రి గూడ కండ్లకు ఆనదు పెద్దమ్మా. ఇప్పుడు మాత్రం ఆడనే ఉంటదని చెప్పింది రాయచూరు పిల్ల" అని దక్షిణం దిక్కు చెయ్యి చూపించాను. సూర్యునికి జర ఎడమకు, కొంచెం కిందికి.

"పట్టపగలు?"

"పగలు గూడ ఉంటది. ఇప్పుడు గూడ తిరుగుతనే ఉంటది."

పెద్దమ్మ నడుము నిలుపుకుని, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని అటు చూసింది. ఆమెను చూసి పక్క సాలులోని ఆమె, ఆమె పక్కామె, ఒకరి తర్వాత ఒకరు వంగిన నడుములు ఎత్తారు. ఏరిన పత్తి ఒడుల్లో అట్లనే ఉంది. ఆ ఆడవాళ్లంతా నుదుటి మీద చేతులు పెట్టుకుని, ఏమీ కనిపించని ఆ తెల్లటి ఎండలోకి చూస్తూ చాలాసేపు నిలబడ్డారు.